అవ్వ వేలిముద్రకు కాపలా ఎవరు?



సైబర్ సెక్యూరిటీ అంటే మనోళ్లు రెండు మాటలు అంటారు. ‘అది బీటెక్ చదివినోళ్ల పని.’ ‘మన అకౌంట్లో ఏముందని ఎవడొస్తాడు?’ రెండూ తప్పే.

2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో సిమ్ కార్డులు అమ్మే ఒకాయన పట్టుబడ్డాడు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోని దస్తావేజుల నుంచి వేలిముద్రలు తీసి, రబ్బరు స్టాంపులు చేసి, వేరేవాళ్ల పేర్ల మీద సిమ్‌లు యాక్టివేట్ చేసినాడు. దానికి పెద్ద చదువేం కావాలి? పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం, వేలు మార్చుకోలేం కదా.

మన యానాది, ఎరుకల కాలనీల్లో వేలే పాస్‌వర్డ్. రేషన్‌కు వేలు, పింఛన్‌కు వేలు, ఉపాధి కూలి డబ్బులు తీసుకోవాలన్నా వేలు. మిషన్ దగ్గర కూర్చున్నోడు ‘పడలేదు అవ్వా, ఇంకోసారి పెట్టు’ అంటే అవ్వ పెడుతుంది. ఆ రెండోసారి ఎంత తీసినాడో ఆమెకు ఎవరు చదివి చెప్పాల? వెనకటికి షావుకారి ఖాళీ కాయితం మీద వేలిముద్ర వేయించుకున్నట్టే ఉంది ఇది.

ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేసుకోండి అని నిపుణులు చెప్తారు. మంచి మాటే. కానీ లాక్ చేస్తే రేషన్ షాపులోనూ వేలు పడదు. తెరవాలంటే ఆధార్‌కు ఫోన్ నంబర్ కలిపి ఉండాల, మన ముసలోళ్లలో ఎంతమందికి ఉంది? అందుకే లాక్ కన్నా ముందు రసీదు అడగడం, పాస్‌బుక్ ఎక్కించడం, డబ్బు పోతే ఆ గంటలోనే 1930కి ఫోన్ చేయడం నేర్పాల. బ్యాంకుకూ రాసివ్వాల. తప్పు మనదీ బ్యాంకుదీ కానప్పుడు, మెసేజ్ వచ్చిన మూడు పనిదినాల్లో చెప్తే నష్టం మన మీద పడదని 2017 జులైలో ఆర్‌బీఐ ఉత్తర్వు ఇచ్చింది.

డిగ్రీ చదివిన తమ్ముళ్లకు ఇంకో మాట. ఈ రంగంలో కోడింగ్ ఒక్కటే లేదు. లెక్కలు తనిఖీ చేసేవాళ్లు, ఫిర్యాదుల వెంట పడేవాళ్లు, జనానికి నేర్పేవాళ్లు కూడా కావాల. అయితే ‘విదేశంలో కంప్యూటర్ ఉద్యోగం’ అంటూ వచ్చే ఏజెంటుతో జాగ్రత్త. డేటా ఎంట్రీ అని చెప్పి కుర్రాళ్లను కంబోడియా పంపి, అక్కడ సైబర్ మోసాలు చేయించిన ముఠా ఏజెంట్లను 2024 మేలో విశాఖ పోలీసులు పట్టుకున్నారు. ముందు అప్పు, తర్వాత కదలనీయకపోవడం. ఇటుక బట్టీల్లో అడ్వాన్సు తిన్న మన కుటుంబాలకు ఈ కత తెలియంది కాదు.

ఈ వారం ఒక్కొక్కరు మీ వీధిలో పది పాస్‌బుక్కులు బ్యాంకుకు తీసుకుపోయి ఎక్కించుకురండి. తేడా కనిపించిన పేజీ ఫోటో తీసి పెట్టుకోండి, ఫిర్యాదు కలిసి రాద్దాం.