విస్తరిలో కూర వంతు

హైదరాబాదుకు ఉత్తరాన నాగపూరు బాటమీద మేడ్చల్, కరీంనగరు బాటమీద శామీర్‌పేట ఉన్నవి. ఈ చుట్టుపట్ల గ్రామాలు ఎంతో కాలంగా నగరానికి కాయగూరలు పంపుతున్నవి. ఒకప్పుడు ద్రాక్షతోటలకు ఈ ప్రాంతం పేరుమోసింది. వాటిలో చాలా భాగం ఇళ్ల స్థలాలైనవి. తోటకూర, పాలకూర, బెండ, బీర మాత్రం నేటికీ వేకువనే బోయినపల్లి మార్కెట్టుకు బయలుదేరుతున్నవి. పండించిన ఇంటి విస్తరిలో ఎంత మిగులుతున్నదన్నదే ఈనాటి ప్రసంగ విషయం.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో చిన్న పరిశోధన శాఖగా పుట్టి, 1958లో హైదరాబాదు చేరింది. రెండువేల కేలరీల ఆహారం తీసుకొనే వ్యక్తికి రోజుకు ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు కావాలని ఆ సంస్థ 2024లో సూచించింది. అంటే నలుగురున్న ఇంటికి రోజుకు కిలోన్నర పైచిలుకు కూరగాయలు! ఈ లెక్క విని గృహిణులు నవ్వవచ్చు. అరకిలో వంకాయలను ఇంటిల్లిపాదికీ రెండుపూటలా సరిపుచ్చగల నేర్పు వారిది. ఆ నేర్పువల్లనే మన విస్తరిలో అన్నం కుప్పగా, కూర నంజుకొనేపాటిగా ఉంటున్నది. అందరికీ వడ్డించి చివర కూర్చొనే ఇల్లాలికి గిన్నె అంచున అంటుకొన్నదే దక్కుతుంది.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, తెలంగాణలో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత కనబడింది. దీనికి కారణాలు పెక్కు. కూర ఒక్కటే మందని నేననను. కాని ఆకుకూరలలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం ఉన్నవి. ఆకులోని ఇనుము ఒంటికి అంత సులువుగా పట్టదు. సి విటమిన్ తోడైతే బాగా పడుతుంది. పాలకూర పప్పు దించిన పిమ్మట నిమ్మరసం పిండటం, భోజనంతో ఒక జామపండు తినడం అందుకే మంచిది. భోజనం కాగానే టీ తాగితే ఇనుము పట్టు తగ్గుతుంది గనుక, ఒక గంట ఆగాలి.

పండు అనేది రోగిని చూడబోయేటప్పుడు కొనే వస్తువన్న అభిప్రాయం మనలో ఎందుకో పాతుకొనిపోయింది. నారింజలోకంటే మన జామలో సి విటమిన్ మూడు నాలుగు రెట్లు ఎక్కువ. బొప్పాయి, సీతాఫలం, రేగు కూడా పండ్లే కదా!

కూరలను తరిగిన తరువాత గాక, తరగకముందే కడగాలి. మూతపెట్టి తక్కువ నీటితో ఉడికించాలి. స్నానాల నీరు పారేచోట మునగచెట్టు ఒకటి నాటితే, వేసవిలో ఆకుకూరలు ప్రియమైనప్పుడు కూడా పప్పులోకి పిడికెడు ఆకు దొరుకుతుంది. ఇక ఇల్లాలి వంతు కూరను వడ్డనకు ముందే వేరే గిన్నెలోకి తీసి మూతపెట్టే పని పిల్లలకు అప్పగించవచ్చు, వారు మరచిపోరు.