చదరంగము విన్న యంత్రము

(సంఘ వారపు సభలో విద్యార్థులను, వారి తల్లిదండ్రులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



మేము వర్తకులము. మెట్రిక్ వరకు మాత్రమే చదివినవారము. కంప్యూటరు విద్యను గూర్చి మాటలాడుటకు మాకు గల అర్హత యేమని తమలో కొందరికి సందేహము కలుగవచ్చును. గత మాసమున మన సంఘ సభ్యులొకరు మా దుకాణమునకు వచ్చి, తమ కుమారుడు తీరిక దొరికినంతసేపు ఫోనులో ఆటలాడుచున్నాడనియు, మందలింపగా ఆటలు తయారుచేయు పని నేర్చెదనని యెదురు చెప్పుచున్నాడనియు వాపోయిరి. "ఇదియు నొక వృత్తియేనా?" అని మమ్మడిగిరి. ఆనాడు మేము బదులు చెప్పలేకపోతిమి. తరువాత చదివియు, తెలిసినవారి నడిగియు గ్రహించిన దానిని నేడు మనవి చేయుచున్నాము.

అది వృత్తియే. దానికి అరువదేండ్లకు మించిన చరిత్ర కలదు. 1962లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో స్టీవ్ రస్సెల్ అను యువకుడు మిత్రులతో గూడి 'స్పేస్‌వార్' అను ఆటను నిర్మించెను. తెరపై రెండు అంతరిక్ష నౌకలు, నడుమ నొక నక్షత్రము. ఆ నక్షత్రపు ఆకర్షణలో చిక్కకుండ ఒక నౌక రెండవదానిని కొట్టవలెను. ఆట యింతమాత్రమే. కాని నౌక యెంత వేగమున సాగునో, నక్షత్రము దాని నెంత బలముగా లాగునో, ప్రతి క్షణమును యంత్రమునకు లెక్కగట్టి యీయవలెను గదా! ఆడువాడు మీట నొక్కును. ఆట కట్టువాడు గణితముతో కుస్తీ పట్టును. జొన్నరొట్టె తినుటకును, జొన్న పండించుటకును ఎంత భేదమో, ఈ రెంటికిని అంత భేదము. రస్సెల్ ఆ ఆటవలన ధన మార్జింపలేదు. మా వంటి వర్తకుల కది వింతగా తోచును; కాని నేటి పెద్ద వ్యాపారమునకు పునాదిరాళ్లలో అది యొకటి.

ఆ రస్సెల్ జాన్ మెకార్తీ అను ఆచార్యుని వద్ద పనిచేసినవాడు. మెకార్తీ 1962లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునకు తరలిపోగా, మరుసటి యేట ఒక తెలుగు యువకుడు అచ్చట ఆయన శిష్యుడయ్యెను. ఆయనయే లోకము రాజ్ రెడ్డి యని పిలుచు రాజగోపాల్ రెడ్డిగారు. వారు 1937లో చిత్తూరు జిల్లా కాటూరు గ్రామమున వ్యవసాయ కుటుంబమున జన్మించిరి. ఆ యింట కళాశాల గడప త్రొక్కినవారిలో వారే ప్రథములు. 1958లో మద్రాసు గిండీ కళాశాలలో సివిల్ ఇంజనీరింగు పట్టము పొందిరి. ఆస్ట్రేలియాలో పైచదువు చదివి, సిడ్నీలో ఐబీఎం సంస్థయందు ఉద్యోగము చేసి, 1966లో స్టాన్‌ఫర్డులో డాక్టరేటు నందిరి. 1969లో పిట్స్‌బర్గు నగరమందలి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున చేరిరి.

వారు పట్టుకొన్న సమస్య ఒక్కటే: మనిషి పలికిన మాటను యంత్రము వినగలదా? దీనికి పరీక్షగా వారును, వారి సహచరులును ఎన్నుకొన్నది చదరంగము. 1973 నాటికి సిద్ధమైన 'హియర్‌సే' అను ఏర్పాటులో ఆటగాడు బంటును ఏ గడికి జరుపవలెనో నోటితో చెప్పును. యంత్రము విని ఆడును. మాట అస్పష్టమైనచో నేమి చేయవలెను? ఇందే వారి యుక్తి యున్నది. వినబడిన ధ్వనితోనే ఆగక, యంత్రము పలక వంక చూచును. ఈ స్థితిలో నియమముననుసరించి వేయదగిన యెత్తు లేవి? అందులో తెలివిగల యెత్తేది? ఆ వివేచనతో వినబడని మాటను పూరించుకొనును.

ఇది చదివినప్పుడు మాకు సిరొంచ వారపుసంతయే జ్ఞప్తికి వచ్చినది. సంత గోలలో ఒకరు తెలుగున, ఒకరు మరాఠీన, ఒకరు గోండీన అడుగుదురు. సగము మాట వినబడును, సగము వినబడదు. అయినను వానకాలపు తొలిదినములలో రైతు వచ్చి నోరు తెరచిన, ఆతడు విత్తనముల కొరకే వచ్చెనని మే మెరుగుదుము. చెవి సగము వినును. తక్కిన సగము మనసు వినును. తరతరముల వర్తకులకు అలవాటైన యీ విద్యనే ఆ మహనీయుడు యంత్రమునకు నేర్పెను.

1976లో అదే విశ్వవిద్యాలయమున నిర్మించిన 'హార్పీ' 1011 మాటలను గుర్తింపగలిగెను. 1988 నాటికి వారి శిష్యుడు కైఫూ లీ నిర్మించిన 'స్ఫింక్స్', ఒక్కొక్కరి గొంతును ముందుగా నేర్వకయే మాటలను గ్రహించెను. రాజ్ రెడ్డిగారికి 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిపి ట్యూరింగ్ పురస్కారమును, 2001లో పద్మభూషణమును లభించెను. చదువురానివారు సైతము వాడుకొనదగిన యంత్రము కొరకు వారు పాటుపడిరి. గ్రామీణ విద్యార్థుల కొరకు 2008లో స్థాపితమై, మన గోదావరికి ఎగువన బాసరయందును శాఖ నెలకొల్పిన సాంకేతిక విశ్వవిద్యాలయమునకు వారు తోడ్పడిరి.

సోదరులారా, ఇక మన మాట. మొన్న మా తల్లిగారు ఫోను చేతబట్టి, తునికాకు కల్లము ఎప్పుడు తెరతురని అడిగిరి. ఆ ఫోను తెలుగు వినునదే. కాని దానికి తునికాకును తెలియదు, కల్లమును తెలియదు. ఏదో పొంతనలేని సమాధానము నిచ్చెను. ఆమె నొచ్చుకొని, "నా తెలుగు మంచిది కాదు గాబోలు" అనిరి. ఆ మాట మాకు ములుకువలె నాటినది.

తప్పు ఆమెది కాదు. యంత్రము తనకు నేర్పిన దానినే వినును. చదరంగము నేర్పిరి గనుక చదరంగము వినెను. మన ఇప్పపువ్వు, మన కల్లము, మన ప్రాణహిత ఒడ్డు మాటలు దాని కెవరు నేర్పిరి? 1956లో బొంబాయి రాష్ట్రమును, 1960లో మహారాష్ట్రమును మనకు ప్రభుత్వములైనను, ఇంటిలో మన మాట నిలిచినది. ఇప్పుడు మన పిల్లలు ఇంట తెలుగు మాటలాడుదురు, బడిలో మరాఠీ వ్రాయుదురు. మరాఠీ నేర్చుట మేలే. అది మన కన్నముపెట్టు భాష. కాని తల్లి మాటను వ్రాయనేరని బిడ్డ దానిని యంత్రమునకెట్లు నేర్పును?

కావున మా మనవి రెండు. తల్లిదండ్రులారా, బిడ్డ ఆటలు కట్టుదునన్నచో పరిహసింపక, ముందు గణితమును నేర్వుమనుడు; అందు నిలచినచో వాని కోరిక నిజమైనదే. విద్యార్థులారా, ప్రతి ఆదివారము సాయంకాలము మా దుకాణపు వెనుక గదిని మీకు విడిచెదము. మీ అవ్వలను, తాతలను వెంటబెట్టుకొని రండు. అడవి మాటలు, నది మాటలు, సంత మాటలు వారి గొంతుతోనే పట్టి, ప్రక్కన తెలుగు లిపిలో వ్రాసి పెట్టుడు. కాగితము, కలము, తేనీరు మావి. రేపు మీలో నొకడు యంత్రమునకు భాష నేర్పు విద్యను సాధించిననాడు, ఆ మూట వానికి పెట్టుబడి యగును.

మొదటి గొంతుగా మా తల్లిగారినే కూర్చుండబెట్టెదము. ఆమె తెలుగు మంచిదేనని ఆమెకు తెలియవలెను.