ద్వారం వద్ద కావలి

2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూరు 765 కిలోవోల్టుల విద్యుత్ మార్గం పనిచేయనారంభించడంతో దక్షిణాది విద్యుత్ వ్యవస్థ మిగిలిన దేశంతో ఏకమైంది. హైదరాబాదులో వెలిగే దీపానికీ గువాహతిలో తిరిగే యంత్రానికీ నాటి నుంచి ఒకే లయ. ఐక్యత బలాన్ని ఇచ్చినట్లే బాధ్యతను కూడా పెంచుతుంది. ఒక మూల తలెత్తిన లోపం మరొక మూలకు పాకే అవకాశం ఆ కలయికలోనే ఉన్నది. కనుక ఇంత పెద్ద వ్యవస్థ క్షేమం దాని అతి చిన్న ద్వారాల మీద కూడా ఆధారపడి ఉంటుంది.

ఆ ద్వారాలలో ఒకటి గేట్‌వే. విద్యుత్ ఉపకేంద్రాలలోను, కర్మాగారాలలోను యంత్రాల చెంతనే అమర్చే చిన్న కంప్యూటరు ఇది. దీనికి ఒకవైపు మీటర్లు, రిలేలు. మరొకవైపు దూరాన ఉన్న నియంత్రణ కేంద్రం. ఇరువురి నడుమ ఇది దుబాసీ వంటిది. కొన్ని లెక్కలను అక్కడికక్కడే తేల్చివేస్తుంది కూడా. అయితే పలు పరికరాలు నేటికీ వాడుతున్న మోడ్‌బస్ అనే సంకేతభాష 1979 నాటిది. ఆజ్ఞ ఇచ్చినది ఎవరని విచారించే పద్ధతి దాని మూలరూపంలో లేదు. ఆజ్ఞ ఎవరిదైనా పరికరం శిరసావహిస్తుంది.

దీని ఫలితం ఎట్లా ఉంటుందో 2015 డిసెంబరు 23న ఉక్రెయిన్‌లో వెల్లడైంది. ఆగంతకులు మూడు విద్యుత్ పంపిణీ సంస్థల నియంత్రణ వ్యవస్థలలో ప్రవేశించి, సుమారు 2,25,000 మంది వినియోగదారులకు సరఫరా నిలిపివేశారు. ఉపకేంద్రాలలో సంకేతాలను మార్చి పంపే పరికరాల లోపలి ప్రోగ్రాములను కూడా చెరిపి పాడుచేశారు. సిబ్బంది స్వయంగా ఉపకేంద్రాలకు వెళ్లి, చేతులతో స్విచ్చులు వేసి, కొన్ని గంటలలో వెలుగును తిరిగి తెచ్చారు. ఆగంతకులు నెలల ముందే లోపల చేరి ఉన్నారన్నది ఇందులోని ముఖ్యమైన పాఠం. వారి కదలికలను ఆ కాలంలో ఎవరూ గుర్తించలేదు.

కనుక ద్వారానికి తాళం ఒక్కటే చాలదు, కావలి కూడా కావాలి. గేట్‌వే గుండా సాగే సమాచారానికి ఒక ప్రతిని తీసి పరిశీలించే ప్రోగ్రామును దానిలో చేర్చడమే ఈ కావలి. అది యంత్రాలను ఏమీ అడగదు, వాటి పనికి అడ్డురాదు. ఏ పరికరం ఎవరితో, ఏ వేళ, ఏమి మాట్లాడుతుందో కొన్నాళ్లు గమనించి నేర్చుకుంటుంది. నిత్యం కొలతలను మాత్రమే చదివే కంప్యూటరు ఒక అర్ధరాత్రి స్విచ్చు తెరవమని ఆజ్ఞాపిస్తే వెంటనే హెచ్చరిస్తుంది.

అయితే కావలివాడే శత్రువుకు చిక్కితే కంచే చేను మేసినట్లవుతుంది. అందువల్ల తయారీదారు సంతకాన్ని సరిచూసిన తరువాతనే ఆ ప్రోగ్రాము నడవాలి. దానికి కేటాయించిన జ్ఞాపకశక్తికి, పనిభారానికి హద్దు ఉండాలి. కావలి అలసిపోయినా యంత్రం ఆగరాదు. హెచ్చరికలు గూఢలిపిలో వెలుపలికి పోవాలి కాని, ఆ దారిన ఆజ్ఞలు లోపలికి రాకూడదు. పరికరంతో వచ్చిన సంకేతపదాన్ని తొలిరోజే మార్చాలి.

కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2021 అక్టోబరులో విద్యుత్ రంగానికి సైబర్ భద్రతా మార్గదర్శకాలను వెలువరించింది. దాడి జరిగినట్లు తెలిసిన 6 గంటలలోగా తెలియజేయాలనీ, నమోదులను 180 రోజులు భద్రపరచాలనీ సెర్ట్-ఇన్ సంస్థ 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. గమనించనిదానిని నమోదు చేయలేరు, నమోదు కానిదానిని తెలియజేయలేరు. ఆదేశం ఢిల్లీలో వెలువడవచ్చు. దాని ఆచరణ మాత్రం ఏదో మారుమూల ఉపకేంద్రంలోని చిన్న పెట్టెలో మొదలవుతుంది. ఆ పెట్టె ఇచ్చిన హెచ్చరికను చదివి, వెంటనే కదిలే మనిషి అక్కడ ఉన్నప్పుడే ఆ కావలి సార్థకమవుతుంది.