తుఫాను వార్త – మాట బరువు



సైన్సు రాతలో మాటల గారడీ పనికిరాదంటారు. నిజమే. కాని ప్రాణాలు కాపాడవలసిన సైన్సు మాట వినేవారి మనసుకు పట్టకపోతే, అదీ లోపమే. మన కృష్ణాతీరం వాళ్లకి ఈ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు.

1864 నవంబరు 1న ఉప్పెన బందరును ముంచింది. సుమారు 30 వేలమంది పోయారు. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి సముద్రం పదిహేను అడుగులకు పైగా లేచింది. సర్కారు లెక్కలోనే పదివేలమంది దాకా పోయారు. 1990 మే 9న తుఫాను మళ్లీ మన డెల్టా మీదికే వచ్చింది. అప్పుడు లక్షకు పైగా జనాన్ని ముందే తరలించారు, మృతులు వెయ్యి లోపే. ఏ రెండు తుఫానులూ ఒకటి కావనుకోండి. అయినా వేళకు చెప్పి, నమ్మించి, కదిలించడంలో ఎంత బలముందో చూడండి.

నమ్మించడమంటే పెంచి చెప్పడం కాదు. గాలి గంటకు 89 కిలోమీటర్లకు చేరితే 'తీవ్ర తుఫాను', 118కి చేరితే 'అతి తీవ్ర తుఫాను'. ఇవి అలంకారాలు కావు, కొలతలు. మన ఇష్టానికి 'మహా' తగిలిస్తే కొలతే చెడిపోతుంది.

2004 సునామీ వచ్చిన నాలుగో రోజున, డిసెంబరు 30న, మరో సునామీ రావచ్చని కేంద్ర హోంశాఖ హెచ్చరించింది. తీరాన జనం పరుగులు తీశారు. దానికి శాస్త్రాధారం లేదని ఆ రోజే సైన్సు మంత్రి చెప్పవలసి వచ్చింది. 'నాన్నా, పులి' కథ మన పిల్లలకి చెప్పేదే కదా! అలా రెండుసార్లయితే నిజం పులిని ఎవరు నమ్ముతారు?

మరి ఎలా చెప్పాలంటారా? 'పది నంబరు ప్రమాద సూచిక' ఓడలకూ రేవులకూ ఉద్దేశించింది. ఒడ్డున పాకలో ఉన్న తల్లికి దానివల్ల ఏం తెలుస్తుంది? 'ఒక మీటరు ఉప్పెన' అన్నప్పుడు, ఆ వేళకున్న సముద్ర మట్టం మీద మరో నడుమెత్తు నీళ్లనీ, పోటు వేళైతే ముప్పు ఇంకా ఎక్కువనీ చెప్పాలి. అంకె మారలేదు, అర్థం మాత్రం ఇంటికి చేరింది. గుడివాడకు గాలీవానా భయమైతే, నాగాయలంక దిగువ ఊళ్లకు సముద్రం భయం. ఏ ఊరికి ఏది, ఎప్పుడు, ఎక్కడికి వెళ్లాలి అన్నది విడివిడిగా చెప్పాలి.

మనకూ ఇందులో పనుంది. రేడియోలోనో ఫోనులోనో హెచ్చరిక వస్తే, పక్కింటావిడకు చెప్పేముందు ఎవరు చెప్పారో చూడండి. 'రావచ్చు' అన్నదాన్ని 'వచ్చేస్తోంది' అనకండి. 'ఆ, రాదులే' అని అసలే అనకండి. ఉన్నమాట ఉన్నట్టు చెప్పి, ముసలివాళ్లనీ పిల్లలనీ వెంటబెట్టుకుని వేళకు బయలుదేరండి.

సెలవు.