లాభములో ధర్మభాగము

(దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి స్మృత్యర్థము విస్సన్నపేటలో చేసిన ఉపన్యాసము)



ఒక తలనొప్పి మందు అమ్మగా వచ్చిన లాభము తెలుగుదేశమున ఒక దినపత్రికను నిలిపినది, ఒక సాహిత్య మాసపత్రికను పెంచినది, ప్రాచీనగ్రంథములను అచ్చుకెక్కించినది, ఆగిపోయిన విజ్ఞానసర్వస్వమునకు మరల ప్రాణము పోసినది. ఆ మందు అమృతాంజనము. ఆ వర్తకులు నాగేశ్వరరావు పంతులుగారు. వారి పేరిట జరుగు సభలలో వారి దేశభక్తిని గూర్చియో, పత్రికానిర్వహణమును గూర్చియో ప్రసంగించుట ఆచారము. నేను వారి దుకాణమును గూర్చి ప్రసంగింపదలచితిని. ఏలయన, వ్యాపారము చేయువాడు పరోపకారమునకు తన లాభములోనుండి ఎంత తీయవలెను, ఎట్లు తీయవలెను, ఎవరి సొమ్ములోనుండి తీయవలెను అను ప్రశ్న నేడు సంతలలోని కొట్లు మొదలుకొని మహానగరములలోని కంపెనీల వరకు వినవచ్చుచున్నది. దానికి పంతులుగారు నలుబదియైదేండ్ల వ్యాపారముతో సమాధానము చెప్పిరి.

పామర్రు చెంతనున్న ఎలకుర్రు గ్రామమున 1867లో జన్మించి, మద్రాసు క్రైస్తవ కళాశాలలో పట్టభద్రులై, సర్కారు కొలువునకు ఎగబడక కలకత్తాలో వర్తకపు మెలకువలు నేర్చి బొంబాయి చేరిన వారు 1893లో అమృతాంజనమును తయారుచేసి అమ్మసాగిరి. చిన్న గాజుసీసా, అందులో పసుపుపచ్చని లేపనము, మూత తీయగానే కర్పూరమును నీలగిరి తైలమును కలిసిన ఘాటు: ఇది మన ఇండ్లలో మూడు నాలుగు తరములవారు ఎరిగిన వస్తువు. సంగీత సభలకు వచ్చినవారికి దానిని ఊరక పంచిపెట్టి, వాడి చూచినవారే మరల కొనునట్లు చేసిరని చెప్పుదురు. 1907లో సూరతు కాంగ్రెసునకు వెళ్లివచ్చిన పిమ్మట, తెలుగువారికి దేశవార్తలు తెలుగులోనే చెప్పు పత్రిక అవసరమని తోచి, 1908 సెప్టెంబరులో బొంబాయినుండియే ఆంధ్రపత్రికను వారపత్రికగా వెలువరించిరి. 1914లో అది మద్రాసునుండి దినపత్రికగా వెలువడసాగెను. 1924లో భారతి అను సాహిత్య మాసపత్రిక పుట్టెను. 1926లో ఆంధ్రగ్రంథమాల ఆరంభమై మంచి గ్రంథములను సామాన్యుడు కొనగల వెలకు అందించెను. ఆంధ్రవిజ్ఞానసర్వస్వమును ఆరంభించిన కొమర్రాజు లక్ష్మణరావుగారు 1923లో కీర్తిశేషులు కాగా నిలిచిపోయిన ఆ గ్రంథభారమును కూడ పంతులుగారే నెత్తికెత్తుకొనిరి. గ్రంథాలయములకు, విద్యార్థులకు, కష్టములలోనున్న కవులకు వారిచ్చినదానికి పరిమితి లేదు. విశ్వదాత అని లోకము వారిని కీర్తించుటకు కారణమిదియే.

ఇందు నేను మీ దృష్టికి తేదలచినది దానపు పరిమాణమును కాదు, దాని స్వభావమును. ఒక సత్రము కట్టించి శిలాఫలకము నాటించుట ఒక్కనాటి పని. దినపత్రిక నడుపుట అట్టిది కాదు. ప్రతిదినము కాగితము కొనవలెను, సిరా కొనవలెను, అక్షరములు కూర్చువారికి కూలి ఇయ్యవలెను, తపాలా ఖర్చు భరింపవలెను. చందాలు రాకున్నను మరునాటి పత్రిక ఆగరాదు. ఇట్టి నిత్యవ్యయమునకు నిత్యాదాయమే ఆధారము. అమృతాంజనపు ఆదాయము అట్లు ఏటికేడు దేశకార్యమునకు ప్రవహించినది. మరియు ఆ మందు తలనొప్పిని తగ్గించును గనుక అమ్ముడుపోయినది గాని, కొన్నవారికి పుణ్యము వచ్చునని చెప్పి అమ్మబడలేదు. సరుకు తన గుణముచేత నిలిచినది. దానము వర్తకుని లాభములోనుండి వెడలినది. ఈ రెండును వేరువేరుగా నుండుటలోనే వారి వ్యాపారపు నిజాయితీ ఉన్నదని నా దృఢవిశ్వాసము.

దీనికి విరుద్ధమైన పద్ధతి మన విపణులలో చిరకాలము సాగినది. రైతు సరుకు దించి కాటా వేయించిన పిమ్మట చేతికి వచ్చు పట్టీలో కమీషను, హమాలీ, కాటాకూలి మొదలగు వానితోపాటు ధర్మము అను పద్దు ఒకటి ఉండెడిది. ఆ ధర్మము ఏ గుడికి పోయెనో, ఏ గోశాలకు పోయెనో రైతునకు తెలియదు. అతనిని అడిగినవారును లేరు. 1928లో వెలువడిన వ్యవసాయ రాజసంఘ (రాయల్ కమిషను) నివేదిక విపణులలోని అక్రమపు కోతలను లెక్కించుచు ధర్మము పేరిట తీయు కోతను కూడ పేర్కొన్నది. కాకతీయులనాటి శాసనములలో వర్తక సమూహములవారు తాము అమ్ము సరుకులపై ఇంతయని తమకు తామే మగమ అను రుసుము విధించుకొని దేవాలయములకు సమర్పించినట్లు చూచెదము. దశదిశల తిరిగి వ్యాపారము చేసినవారు పదిమందియెదుట ఒప్పుకొని, రాతిపై చెక్కించి, తమ లాభమును తాము కోసికొనిన ఆ పద్ధతి ఎక్కడ? పంటను పండించినవాని పట్టీలో కోతపెట్టి పుణ్యము తాను కట్టుకొనిన ఈ పద్ధతి ఎక్కడ? నేడు ఈ సరుకు కొన్నచో ఒక మొక్క నాటెదము, ఒక బిడ్డకు భోజనము పెట్టెదము అని పొట్లముమీద అచ్చువేయు కంపెనీలను గూర్చియు ఈ ప్రశ్ననే వేయవలసియున్నది: ఆ సొమ్ము మీ లాభములోనిదా, కొనువాని జేబులోనిదా, తయారుచేసినవాని కూలిలోనిదా?

పరోపకారము సంగతి ఇట్లుండగా ప్రకృతి సంగతి మరింత సూక్ష్మమైనది. మన జిల్లాలోనిదే కొండపల్లి. అచ్చటి బొమ్మకు తెల్లపొణికి కర్రయే ప్రాణము. ఆ కర్రను నీడలో ఆరనిచ్చి, సన్నని సెగపై తేమ పోవునట్లు కాచి, ఉలితో చెక్కి, చేతులు తలలు వేరువేరుగా మలచి, చింతగింజల పిండియు రంపపు పొట్టును కలిపిన మక్కుతో అతికి, సున్నము పూసి ఎండనిచ్చి, ఆపైన రంగులు వేయుదురు. అంబారీ ఏనుగును చేత పట్టిన పిల్లవానికి అది ఎంత తేలికగానుండునో చూచినవారికి తెలియును. ఆ తేలికదనమంతయు పొణికిదే. అయితే చెట్టును కొట్టుటయేగాని నాటుట తగినంత జరుగలేదు గనుక కొండపల్లి చుట్టుపట్ల అడవులలో ఆ చెట్టు అరుదైపోయినది; కళాకారుడు కర్రకై దూరము పోవలసివచ్చినది. ఇక్కడ ధర్మము లాభములోనుండి విడదీసి ఎవరికో ఇచ్చునది కాదు. చెట్టు లేనిదే బొమ్మ లేదు, బొమ్మ లేనిదే అంగడి లేదు. బొమ్మ అమ్మిన ప్రతివాడును కొన్న ప్రతివాడును ఆ అడవికి ఋణపడియున్నాడు.

ధర్మము వస్తువు తయారీలోనే ఉండవలెనను ఈ వివేకము ఏటికొప్పాకలో కనబడినది. వరాహానదీతీరమున తరిమెనమీద అంకుడు కర్రను త్రిప్పి, లక్క పట్టించి, మొగలి ఆకుతో మెరుగుపెట్టు ఆ బొమ్మలకు మధ్యకాలమున కృత్రిమపు రంగులు ప్రవేశించినవి. పిల్లలు బొమ్మను నోటిలో పెట్టుకొందురు గదా! ఆకులనుండి, వేళ్లనుండి, గింజలనుండి తీసిన రంగులను మరల లక్కతో కలుపు విధానమును వృద్ధిచేసి, ఆ వృత్తిని పునరుద్ధరించుటకు పాటుపడిన సి.వి. రాజుగారిని 2023లో పద్మశ్రీ వరించుట ఆ ఊరి పనివాండ్రందరికిని జరిగిన సన్మానమే. అంతకుముందే 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించినది.

ఏజెన్సీ కొండలలోని తేనె, చింతపండు, కుంకుళ్లు దళారుల చేతిలో పడి గిరిజనుని కష్టము నేలపాలగుచున్నదని గుర్తించి 1956లో స్థాపించిన గిరిజన సహకార సంస్థను కూడ ఇచ్చట స్మరింపవలెను. విశాఖపట్టణమున కేంద్రముగల ఆ సంస్థ గిరిజనునివద్ద నేరుగా కొని, ఆ తేనెసీసాను మన వంటింటికి చేర్చినది. అరకులోని కాఫీ వెండిఓకు చెట్ల నీడలో, మిరియపు తీగెల సరసన పండును. 1998లో హైదరాబాదున వెలసిన నాంది సంస్థ చేయూతతో అక్కడి గిరిజన రైతులు పండించిన కాఫీ 2017లో పారిసు నగరములో తన పేరిట అంగడి తెరచినది. చెట్టును నరికిన నీడ పోవును, నీడ పోయిన ఈ పద్ధతి కాఫీ సాగు పోవును. ఆ రైతునకు అడవిని కాపాడుట వేరొకరికి చేయు ఉపకారము కాదు, తన జీవనమే.

లాభమును ధర్మమునకు ఇచ్చు ప్రయత్నములు పాశ్చాత్యదేశములలోను కలవు. అమెరికా నటుడు పాల్ న్యూమన్ 1982లో ఆహారపదార్థముల వ్యాపారము పెట్టి దాని లాభమంతయు ధర్మకార్యములకు వినియోగించెను. మన దేశమున 2013 కంపెనీల చట్టపు 135వ విభాగము ఈ ధర్మమును శాసనముగనే చేసినది: అయిదు కోట్ల నికరలాభమో, వేయి కోట్ల అమ్మకమో, అయిదువందల కోట్ల నికర ఆస్తియో కల కంపెనీ, గడచిన మూడేండ్ల సగటు లాభములో నూటికి రెండు వంతులు సామాజిక కార్యములకు వెచ్చింపవలెను. ఇది మంచి శాసనమే. కాని ఏటిలోనికి విషజలము వదలి, ఆ ఏటి ఒడ్డుననే మొక్కలు నాటించి ఫొటోలు తీయించుకొను కంపెనీ కూడ ఈ నూటికి రెండు వంతుల లెక్కను సరిగా చూపగలదు. వస్తువు తయారగు విధానమే హానికరమైనప్పుడు దానము ఆ హానికి పరిహారము కానేరదు. పంతులుగారి నాటికి ఈ శాసనము లేదు; దానము చేయుమని వారిని నిర్బంధించినవారును లేరు.

ఇక మన ఊరి మాట. నూజివీడునుండి విస్సన్నపేట మీదుగా తిరువూరు దాక వేసవి వచ్చెనన్న మామిడితోటల ప్రదేశమంతయు సందడి. బంగినపల్లి, చిన్నరసాలు, తోతాపురి బుట్టలలో చేరి, లారీలకెక్కి దూరదేశములకు పోవును. ఆ కాయలలో ఇచ్చటి మెట్టనేల సారమున్నది, భూగర్భజలమున్నది, కోతకు వచ్చిన కూలివాని చెమట ఉన్నది. ఈ సభలోని వర్తక మహాశయులకు నేను చేయు విన్నపమొక్కటే. లారీకి ఇంతయని మీ కమీషనులోనుండి, రైతు పట్టీలోనుండి ఎంతమాత్రమును కాక, ఒక భాగమును వేరుచేయుడు. ఆ సొమ్ముతో అటవీశాఖవారి అనుమతి పొంది, కొండపల్లి బొమ్మకు కరవైన తెల్లపొణికి మొక్కలను పెంచి బోడికొండల వాలులలో నాటించుడు. పాఠశాలలలోని పిల్లలకు వాని సంరక్షణ అప్పగించుడు. ఎండిన మొక్కల లెక్కను కూడ దాచక పంచాయతీ గోడపై వ్రాయించుడు. ఏప్రిలు 11 పంతులుగారి వర్ధంతి. ఆ నాటికి మామిడి కోతలు మొదలై వ్యాపారము ఊపందుకొనుచుండును. వచ్చే ఏటినుండి ఆ దినమున గత సంవత్సరపు జమాఖర్చులను ఇచ్చటనే చదివి వినిపింపుడని మిమ్ములను వేడుకొనుచున్నాను.