సబ్బు తయారీలో నూనె కొలత, తూకం

లీటరు నీరు కిలో తూగుతుంది. లీటరు నూనె అంత తూగదు. కొబ్బరి నూనె, కుసుమ నూనె లీటరుకు సుమారు 920 గ్రాములు, ఆముదం 960 గ్రాములు ఉంటాయి. వికారాబాద్ జిల్లాలోని తాండూరు నల్లరేగడి నేలల్లో కుసుమ పాత పంట. తాండూరు వ్యవసాయ పరిశోధన స్థానంలో కందితో పాటు కుసుమ మీదా పరిశోధనలు సాగుతున్నాయి. ఈ నూనె సబ్బుకూ పనికొస్తుంది.

సబ్బులో వేసే కాస్టిక్ సోడాను నూనె బరువును బట్టే లెక్కగడతారు. గ్రాము కొబ్బరి నూనెకు దాదాపు 0.183, కుసుమకు 0.137, ఆముదానికి 0.128 గ్రాముల సోడా కావాలి.

మిల్లీలీటర్లను 0.92తో, ఆముదమైతే 0.96తో గుణిస్తే గ్రాములు వస్తాయి. 600 మిల్లీలీటర్ల కొబ్బరి నూనె 552 గ్రాములు, 300 మిల్లీలీటర్ల కుసుమ నూనె 276, 100 మిల్లీలీటర్ల ఆముదం 96. మూడింటికీ 151 గ్రాముల సోడా సరిపోతుంది. చర్మ రక్షణ కోసం 5 శాతం తగ్గించి 144 గ్రాములే వేస్తారు. మిల్లీలీటర్లనే గ్రాములుగా తీసుకుంటే, ఆ 5 శాతం తగ్గించాక కూడా సోడా 155 గ్రాములు దాటుతుంది. మిగిలిపోయిన సోడా చర్మాన్ని మండిస్తుంది.

వికారాబాద్ చలికి కొబ్బరి నూనె గడ్డకడుతుంది. అప్పుడు కొలపాత్రను నమ్మలేం. బరువు మాత్రం మారదు. అందుకే ఎలక్ట్రానిక్ కాటాపై తూచడమే మేలు. చేతులకు గ్లవ్స్, కళ్లకు అద్దాలు పెట్టుకుని సోడాను నీటిలో కొద్దికొద్దిగా కలపాలి. సోడాపై నీరు పోయకూడదు. అల్యూమినియం గిన్నెలు వాడకూడదు.