ఆపే అధికారం, వెతికే అధికారం

కర్నూలు–కడప జాతీయ రహదారి 40 మీద నంద్యాల జిల్లాకు చివరి మండలం చాగలమర్రి. అది దాటితే కడప జిల్లా, ఆ జిల్లా అడవుల్లో ఎర్రచందనం. ఇలాంటి సరిహద్దు దారిలో వాహన తనిఖీ ఎవరికీ కొత్త కాదు. ఆళ్లగడ్డ నుంచి మైదుకూరు వెళ్తున్న కారును సీటు బెల్టు లేదని ఆపారనుకుంటే, లైసెన్సు చూస్తారు, ఆర్.సి. చూస్తారు, ఫొటో తీసి చలానా వేస్తారు. అక్కడితో పని అయిపోయింది. ఆ తర్వాత ‘డిక్కీ తెరువు’ అన్నారంటే చట్టం దృష్టిలో రెండో పని మొదలైనట్టే. మొదటి పనికి ఉన్న అధికారం రెండోదానికి దానంతటదే రాదు.

1988 మోటారు వాహనాల చట్టం ఆపడానికి, కాగితాలు అడగడానికి సరిపోతుంది. సెక్షన్ 130 ప్రకారం యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి అడిగితే లైసెన్సు చూపాలి. సెల్‌ఫోన్‌లో డిజీలాకర్ ద్వారా చూపినా 2018 నుంచి చెల్లుతుంది. 203 కింద శ్వాస పరీక్ష చేయవచ్చు. లైసెన్సో రిజిస్ట్రేషనో పర్మిటో లేకుండా నడిపే బండిని 207 కింద స్వాధీనం చేసుకోవచ్చు. 132లో ‘24 గంటలు మించకుండా’ అన్న మాట ఉంది. దాన్ని పట్టుకుని బండిని ఒక రోజంతా ఆపి ఉంచవచ్చనుకుంటే పొరపాటు. అది ప్రమాదం జరిగిన బండికి సంబంధించిన గడువు, అక్కడ కూడా అవసరమైనంత సేపే. అధిక లోడు అనుమానం వచ్చిన లారీని తూకానికి పంపాలన్నా 114 దూరం కొలిచి పెట్టింది: వెళ్లే దారి మీది ఏదో ఒక చోటికి 10 కిలోమీటర్లలోపు, లేదా గమ్యానికి 20 కిలోమీటర్లలోపు ఉన్న కాటా కావాలి. ఇంత వివరంగా రాసిన చట్టంలో, ట్రాఫిక్ తప్పు చేసినందుకు ప్రయాణికుల సామాను సోదా చేయవచ్చన్న సెక్షను మాత్రం లేదు.

సోదా అధికారం వేరే చట్టాల నుంచి రావాలి. దొంగసొత్తు అనుమానం ఉంటే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 106, దర్యాప్తులో ఉన్న కేసుకు కావలసిన వస్తువైతే 185, ఎర్రచందనమైతే 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం సెక్షన్ 44, గంజాయి అయితే 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం, అంటే ఎన్‌డీపీఎస్. వీటన్నిటికీ ఒక కారణం కావాలి. 185 కింద ఆ కారణాన్ని ముందుగా కాగితం మీద పెట్టాలి, నకలును 48 గంటల్లోపు మేజిస్ట్రేటుకు పంపాలి. బండి ఆపాక దొరికిన వస్తువు, ఆపకముందు లేని అనుమానానికి కారణం కాలేదు.

వీటిలో ఎక్కువ వివాదం నడిచింది ఎన్‌డీపీఎస్ మీదనే. దాని సెక్షన్ 49 చాలా పదునైనది. మత్తుపదార్థం రవాణా అవుతోందని అనుమానించడానికి కారణముంటే బండిని ఆపవచ్చు, మూలమూలా గాలించవచ్చు, ఎలాగూ ఆగకపోతే కాల్పులు కూడా జరపవచ్చు. ఇంత అధికారం ఇచ్చిన చట్టం దాన్ని కానిస్టేబుల్ చేతికి మాత్రం ఇవ్వలేదు. సెక్షన్ 42 ప్రకారం కానిస్టేబుల్‌కు పై హోదా ఉండాలి. ముందుగా సమాచారం అందితే రాసిపెట్టాలి, 72 గంటల్లోపు పై అధికారికి పంపాలి. బహిరంగ స్థలానికి వర్తించే 43లో ఈ రాతకోతలు లేవు. అందుకే చాలా కేసుల్లో ‘రోడ్డు మీద పట్టుకున్నాం, 43 చాలు’ అన్న వాదన వినిపిస్తుంది. 2021 ఏప్రిల్ 16న బూటా సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఆ వాదనను ఒప్పుకోలేదు. రోడ్డు అందరిదైనా దాని మీద నిలిపిన సొంత జీపు బహిరంగ స్థలం కాదని, 42 పాటించలేదు కాబట్టి శిక్ష నిలవదని తేల్చింది. బస్సు సంగతి వేరు, అది ప్రజల రవాణా వాహనమే.

అనుకోకుండా దొరికితే? 1994లో బల్బీర్ సింగ్ కేసులో దీనికి జవాబుంది. మామూలు తనిఖీలో ముందస్తు సమాచారం లేకుండా గంజాయి బయటపడితే అప్పటిదాకా జరిగింది చెల్లుతుంది. ఆ క్షణం నుంచి మాత్రం ఎన్‌డీపీఎస్ నియమాల ప్రకారమే నడవాలి. అయితే ఆ ‘మామూలు తనిఖీ’ కూడా చట్టం ఒప్పుకున్నదై ఉండాలి కదా. వాదన అక్కడే చిక్కుపడుతుంది.

మనిషి జేబులు వెతకాలంటే నియమం ఇంకా బిగుతు. గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేటు ఎదుట సోదా కోరే హక్కు ఉందని సెక్షన్ 50 కింద ముందే చెప్పాలి. ఈ నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించాల్సిందేనని 2010లో విజయ్‌సింహ్ జడేజా కేసులో రాజ్యాంగ ధర్మాసనం స్పష్టం చేసింది. చేతిలోని సంచికి, డిక్కీలోని మూటకు ఆ రక్షణ లేదని 2005లో పవన్ కుమార్ కేసు చెబుతుంది. చొక్కా జేబుకున్న భద్రత భుజాన వేలాడే సంచికి లేకపోవడం సామాన్యుడికి వింతగానే తోస్తుంది.

ఎంతసేపు ఆపవచ్చన్న ప్రశ్నకు అమెరికా సుప్రీంకోర్టు సూటిగా జవాబిచ్చింది. నెబ్రాస్కాలో రోడ్రిగెజ్ అనే వ్యక్తికి హెచ్చరిక కాగితం ఇచ్చి పని ముగించిన పోలీసు, జాగిలంతో వాసన చూపించడానికి ఇంకో ఏడెనిమిది నిమిషాలు ఆపాడు. విడిగా అనుమానం లేకుండా అంతసేపు ఆపడం కూడా రాజ్యాంగ విరుద్ధమని 2015 ఏప్రిల్ 21న తీర్పు వచ్చింది. మన చట్టంలో నిమిషాల లెక్క లేదు, ఎంత ఆలస్యమైనా ‘అవసరమైనంత సేపు’ అన్న మాటతో తూచాల్సిందే. ఇంకో తేడా కూడా ఉంది. సోదా అక్రమమైనా దొరికిన సాక్ష్యం చెల్లవచ్చని పూరన్ మల్ కేసులో మన సుప్రీంకోర్టు చెప్పింది. సెక్షన్ 50ని ఉల్లంఘించి ఒంటి మీద పట్టుకున్న సరుకు మాత్రం, 1999 నాటి బల్‌దేవ్ సింగ్ తీర్పు ప్రకారం, అతని దగ్గర ఉందనడానికి రుజువుగా పనికిరాదు.

డిక్కీతోనే ఆగని సందర్భాలూ ఉన్నాయి. 2021 అక్టోబరులో హైదరాబాదులో పోలీసులు గంజాయి కోసమంటూ బాటసారులను, వాహనదారులను ఆపి ఫోన్లలో వాట్సాప్ సంభాషణలు వెతికిన వీడియోలు బయటికొచ్చాయి. గోప్యత ప్రాథమిక హక్కని పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు చెప్పి అప్పటికి నాలుగేళ్లయింది. అదే 2021లో తెలంగాణ హైకోర్టు, తాగి నడిపినంత మాత్రాన బండిని స్వాధీనం చేసుకోరాదని, తాగని మనిషి ఎవరైనా వెంట ఉంటే అతనికి అప్పగించాలని ఆదేశించింది.

2024 జూలై 1 నుంచి సంహిత సెక్షన్ 105 సోదాను ఆడియో, వీడియోలో రికార్డు చేయాలంటోంది. ఇన్నాళ్లూ మధ్యవర్తుల నివేదిక ఒక్కటే ఆధారం. ‘డిక్కీ ఎందుకు తెరిపించారు’ అన్నదానికి అందులో దొరికే జవాబు తరచూ తర్వాత రాసిందే. ఇప్పుడు అడిగిన మాట, తెరిచిన చెయ్యి, మధ్యలో గడిచిన సమయం కూడా రికార్డులో ఉండాలి.

తగిన అనుమానం లేకుండా సోదా చేసినా, కక్షగా మనిషిని ఆపి వేధించినా ఎన్‌డీపీఎస్ సెక్షన్ 58 అధికారికే శిక్ష చెప్పింది: ఆరు నెలల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. సీటు బెల్టు పెట్టుకోనివాడు కట్టే జరిమానా కూడా వెయ్యి రూపాయలే.